పెన్సిలు కింది గాటు

పేరుమోసినవాళ్ళ గురించి అందరూ రాస్తారు. వాళ్ళకి పేరు రాకముందు వాళ్ళని మోసినవాళ్ళ గురించి ఎవరూ రాయరు. అందుకని నేను రాస్తున్నాను. మోసింది మా అక్క. మూడేళ్ళప్పుడు ఆవిడ చంకనెక్కిన పిల్ల తొమ్మిదేళ్ళప్పుడు దిగింది. దిగింది దిగినట్టే ఊరు వదిలి వెళ్ళిపోయి, పాతికేళ్ళు తిరిగేసరికి సినిమా పోస్టరై గోడగోడకీ ఎక్కి కూర్చుంది.

పిల్ల మాకు చుట్టం కాదు. మా మేడమీద గదిలో అద్దెకున్న నర్సమ్మ కూతురు. తల్లికి ఆస్పత్రిలో షిఫ్టులు, పిల్లకి బడి విడిచాక మా ఫోటో స్టూడియోనే ఇల్లు. ఒళ్ళు సన్నం, తల గుండ్రం, నోరు తెరిస్తే ఎక్కడో ఒకచోట గుచ్చుకునేది. అందుకని అక్క దానికి గుండుసూది అని పేరు పెట్టింది. అది అక్కని పెద్దమ్మా అనేది, నన్ను మావయ్యా అనేది. అక్కకి పిల్లల్లేరు. పెళ్ళయితే అయింది గానీ, మందులో సరిగ్గా నానని ప్రింటులాగా ఆ కాపురం రెండేళ్ళకే వెలిసిపోయింది. అప్పట్నుంచీ ఆవిడ నాతోనే ఉంది.

స్టూడియో మా నాన్నది. ఫోటో తీయడం ఆయన, కటింగు అక్క, టచింగు నేను. టచింగంటే ఏమిటో ఈ కాలంవాళ్ళకి చెప్పాలి. నెగెటివ్‌లో అంతా తలకిందులు. మొహం మీద నల్లమచ్చ ఉంటే అక్కడ నెగెటివ్ ఖాళీగా, తెల్లగా కనిపిస్తుంది. ఆ ఖాళీని సన్నటి పెన్సిలు మొనతో చుక్కచుక్కగా పూడిస్తే, ప్రింటులో చర్మం నున్నగా వస్తుంది. నా పెన్సిలు పుణ్యమా అని ఎంతమందికి పెళ్ళిళ్ళు కుదిరాయో లెక్కలేదు. పెళ్ళయ్యాక నన్ను తిట్టుకున్నవాళ్ళ లెక్క కూడా లేదు. నాకు అన్నీ నెగెటివ్ ఆలోచనలే అంటుంది మా ఆవిడ. బతుకంతా నెగెటివ్‌ల మీద వంగి కూర్చున్నవాడికి పాజిటివ్ ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఇప్పుడు అక్కకి అరవై రెండు. కంటి నరం ఎండిపోతోంది. చూపు అంచుల దగ్గర నల్లబడుతూ లోపలికి వస్తోంది. ఎదురుగా ఉన్న లోకంలో ఒకసారికి చొక్కా గుండీ అంత ముక్కే కనిపిస్తుంది. టీవీ పెడితే వెలుగు తెలుస్తుంది, మనిషి తెలియదు. పోయిన చూపు రాదనీ, ఉన్నది నిలబెట్టడానికి వేస్తున్న చుక్కలు పనిచెయ్యడం లేదనీ, ఒక నెల అనుకోమనీ కళ్ళ డాక్టరు నన్ను పక్కకి పిలిచి చెప్పాడు. నా గొంతు సంగతి ఆయనకి తెలియదు. నేను గుసగుసలాడితే వీధి చివర కుక్క లేచి కూర్చుంటుంది. నెల రోజులేనా అని నేను రహస్యంగా అడిగిన మాట, బయట బెంచీ మీదున్న అక్కకి స్పష్టంగా వినిపించింది.

ఆ వారమే గుండుసూది మా ఊరికి వచ్చి ఉంది. పాత రైలు గోదాములో పది రోజుల షూటింగు. మాకు తెలిసేసరికి ఏడు రోజులు అయిపోయాయి.

అక్క మామూలుగా ఏదీ అడిగే మనిషి కాదు. ఆ పొద్దున కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని అడిగింది.

"ఒరేయ్, దాని మొహం ఒక్కసారి దగ్గర్నుంచి చూపించరా. తర్వాత ఈ కళ్ళు పోతే పోనీ."

కన్ను పోతున్న మనిషి, కనకపోయినా పెంచిన పిల్లని చూడాలంటోంది. అంతకుముందు ప్రయత్నించలేదా అంటే, ఆరు ఉత్తరాలు రాశాం. మీ అభిమానానికి ధన్యవాదాలు అని అచ్చువేసిన కార్డులు ఆరు వచ్చాయి. మాకూ అభిమానం ఉండబట్టే ఏడోది రాయలేదు. ఇప్పుడిక ఆ అభిమానం పెట్టుకోవడానికి టైము లేదు.

గోదాము గేటు దగ్గర మేనేజర్ని పట్టుకునేసరికి పదకొండయింది. ముప్పయ్యేళ్ళ మనిషి, మర్యాదగానే ఉన్నాడు గానీ, నెలల తరబడి నిద్రలేనట్టున్నాడు. గుండుసూదివాళ్ళు వచ్చారని చెప్పు బాబూ, చాలు, అన్నాను. అతను చంకలోని ఫైలు తీసి చూపించాడు. దాని మీద 'చిన్ననాటివాళ్ళు' అని రాసి ఉంది. ఆవిడ ఏదో ఇంటర్వ్యూలో తన చిన్నప్పటి ముద్దుపేరు చెప్పేసిందట. అప్పట్నుంచీ గుండుసూదికి బెజ్జం ఉండదని కూడా చూసుకోకుండా దారం ఎక్కించడానికి ఊరూరా మనుషులు బయల్దేరారట.

"నలభై ముగ్గురు మావయ్యలు వచ్చారు అంకుల్. మీరు నలభై నాలుగు," అన్నాడు.

అయితే మేడం ఒక పద్ధతి పెట్టిందని కూడా చెప్పాడు. చిన్నప్పటి ఫోటో తెచ్చినవాళ్ళని తప్పకుండా కలుస్తుంది. ఫోటో ముందు అతను చూడాలి, నిజమనిపిస్తేనే లోపలికి పంపాలి. నాకు ప్రాణం లేచొచ్చింది. నన్నా ఫోటో అడుగుతున్నాడు? వారసత్వంగా ఫోటోలు తీసిన వంశాన్ని? సంచీలోంచి తీసి చేతిలో పెట్టాను. ఎనిమిదేళ్ళ గుండుసూది స్టూలు మీద కూర్చుని, తాడాట తాడు మెడలో వేసుకుని నవ్వుతున్న ఫోటో అది.

అతను చాలాసేపు చూశాడు. ఫోటోలో కుడి బుగ్గ మీద వేలు పెట్టాడు.

"గాటేది అంకుల్?"

నేనూ వంగి ఆ బుగ్గ వంక చూశాను.

ఆ గాటు తెలియనివాళ్ళు లేరు. కుడి కంటి కిందనుంచి పెదవి వైపుకి దిగే నెలవంక. ఆరేళ్ళప్పుడు మెట్ల మీంచి పడ్డానని ఆవిడ వంద ఇంటర్వ్యూల్లో చెప్పింది. ఎనిమిదేళ్ళ పిల్ల మొహం మీద అది లేకపోతే ఆ పిల్ల ఆవిడ కాదు. ఇదివరకు ఎవరెవరి పిల్లల ఫోటోలో తెచ్చినవాళ్ళు ఉన్నారట. నేనే టచింగులో తీసేశాను బాబూ అన్నాను. అందరూ ఏదో ఒకటి చెబుతారనీ, నిన్న ఒకాయన ఆ గాటు అప్పటికి ఇంకా పెరగలేదన్నాడనీ చెప్పి ఫోటో తిరిగిచ్చాడు. ఎల్లుండి సాయంత్రం అందరూ ఊరు వదిలి వెళ్ళిపోతారట. ఈలోగా గాటున్న ఫోటో దొరికితే తెమ్మన్నాడు.

బస్‌స్టాపులో ఇద్దరు కాలేజీ అమ్మాయిలు నిలబడి ఉన్నారు. ఇద్దరికీ కుడి బుగ్గ మీద నెలవంక. ఈ మధ్య అదో ఫ్యాషను. నేను పెన్సిలు పెట్టి తీసేసిన గాటుని లోకమంతా పెన్సిలుతో గీసుకుంటోంది. ఇంకో రోజైతే దీని మీద పది మందిని పోగేసి అరగంట నవ్వించేవాణ్ణి.

అసలు సంగతి చెప్పాలి. గుండుసూది మెట్ల మీంచి పడలేదు.

ప్రింట్ల అంచులు కోయడానికి మా స్టూడియోలో కటింగు బల్ల ఉండేది. చెక్క పలక, దాని పక్కన మూరెడు కత్తి. పిడి పట్టుకుని ఎత్తడం, దించడం. అక్క రోజుకి మూడొందల ప్రింట్లు కోసేది, తల తిప్పకుండా. ఆ రోజు పిల్ల వెనకనుంచి వచ్చి ఆవిడ భుజం మీదుగా తొంగి చూసింది. అక్క కత్తి ఎత్తింది. పిల్ల బుగ్గ తెగింది, నాలుగు కుట్లు పడ్డాయి. నిజం చెబితే తల్లి ఇక పిల్లని స్టూడియోకి పంపదని భయపడి, మెట్ల మీంచి పడిందని అక్క చెప్పింది. నువ్వూ అలాగే చెప్పమ్మా అంది. పిల్ల సరేనని తలూపింది. గాయం మానింది గానీ అబద్ధం మానలేదు.

రెండేళ్ళ తర్వాత ఆ ఫోటో తీసినప్పుడు, బుగ్గ మీది గీత తీసెయ్యమనీ, తను చూడలేననీ అక్క నన్ను అడిగింది. తీసేశాను, నలభై యాభై చుక్కల పని. తల్లికి బదిలీ అయి పిల్ల వెళ్ళిపోతున్నప్పుడు, ఆ ఫోటోనే పెద్దది చేయించి, అద్దం బిగించి, అక్క దాని చేతిలో పెట్టి పంపింది.

ఇంటికెళ్ళి జరిగింది చెప్పాను.

"గాటు కనిపిస్తేనే రానిస్తారా?"

"అవునక్కా."

నేను అటకెక్కాను. నెగెటివ్ దొరికితే పెన్సిలు తుడిచెయ్యొచ్చు, కింద గాటు అలాగే ఉంటుంది. కానీ నెగెటివ్ ఏది? స్టూడియో మూసేసినప్పుడు పాత నెగెటివ్‌లన్నీ ఫిల్ములోంచి వెండి తీసేవాడికి బస్తాలకెత్తి ఇచ్చేశాం. అయినా ఏదో మూల ఒక కవరు మిగిలి ఉండదా అని అట్టపెట్టెలు విప్పాను, పాత కెమెరా సంచులు దులిపాను, చనిపోయిన బొద్దింకల్ని పలకరించాను. ఆ మధ్యాహ్నమూ, మర్నాడు పొద్దున్న పది గంటల వరకూ వెతికాను. ముప్పయ్యేళ్ళుగా దించమన్న దుమ్ము ఇవాళ దించుతున్నారు, ఆ సినిమా అమ్మాయికి దండం పెట్టాలి, అంది మా ఆవిడ కింద నిచ్చెన పట్టుకుని.

అటక దిగి నేల మీద కూలబడ్డాను. దొరకలేదక్కా అన్నాను. అక్క లేచి, గోడ తడుముకుంటూ తన పెట్టె దగ్గరకి వెళ్ళి, బట్టల అడుగునుంచి ఒక కవరు తెచ్చి నా ఒళ్ళో పడేసింది. అదే నెగెటివ్. వెండివాడికి ఇచ్చిన రోజే పక్కకి తీసి దాచిందట.

"నిన్నట్నుంచీ వెతుకుతుంటే చెప్పవేం?" అన్నాను.

"ఇవ్వాలా వద్దా అని ఆలోచిస్తున్నా. ఇప్పుడు ఇచ్చాగా, తుడువు."

టర్పెంటైను, దూది. వినడానికి ఇంతే. కానీ పాతికేళ్ళు దాటిన ఫిల్ము అది. గట్టిగా రుద్దితే పెన్సిలుతోపాటు బొమ్మ ఉన్న పొర కూడా ఊడొస్తుంది, అప్పుడు బుగ్గే ఉండదు. ఇంకో కాపీ లేదు. కిటికీ అద్దానికి ఆనించి పట్టుకుని, దూది తడిపి, పిండి, ఆ బుగ్గ మీద ఆనీ ఆనకుండా తిప్పాను. ఆగాను. మళ్ళీ తిప్పాను. అక్క నా చొక్కా అంచు పట్టుకుని కూర్చుంది. పావుగంట గడిచినా ఏమీ రాలేదు. ఆ తర్వాత దూదికి బూడిదరంగు అంటింది. నా చుక్కలు ఒక్కొక్కటే కరిగాయి. వాటి కిందనుంచి తెల్లటి సన్నని దారం పైకొచ్చింది.

"వచ్చింది," అన్నాను. నా గొంతు నాకే వినిపించలేదు.

అక్క నెగెటివ్ అడిగి తీసుకుని వెలుతురుకి ఎత్తింది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. ఆవిడ చూపుకి ఆ గీత దొరకలేదు.

ప్రింటు వేయడానికి నా దగ్గర చీకటిగది లేదిప్పుడు. బజార్లో కంప్యూటర్ల లాబ్‌కి పరిగెత్తాను. కౌంటరు వెనక అమ్మాయి నెగెటివ్‌ని మిషన్లో పెట్టి, గంటలో పెద్ద ప్రింటు తీసి ఇచ్చింది. చూశాను. బుగ్గ నున్నగా, అరటాకులా ఉంది. గాటు లేదు.

"పాతది కదా సార్, గీతలుంటే మిషనే తీసేస్తుంది. దానికి చార్జీ లేదు," అంది ఆ అమ్మాయి సంతోషంగా.

నేను అరిచిన అరుపుకి ఫోటోలు దిగుతున్న ఒక చంటిబిడ్డ ఏడుపు మొదలెట్టాడు. ఓనరు లోపల్నుంచి వచ్చాడు. నేను చేతులు జోడించాను. తల్లీ, నీ మిషను నాకంటే మంచి పనివాడు, ఒప్పుకుంటాను, ఒక్కసారి దాన్ని ఊరుకోబెట్టు, ఉన్నది ఉన్నట్టు వెయ్యమ్మా అని బతిమాలాను. ఆ అమ్మాయికి ఆ తీసేసే పని ఆపడం ఎలాగో తెలియలేదు. ఎవరికో ఫోన్లు చేసింది. మిషను ఆపి మళ్ళీ పెట్టింది. రెండోదీ నున్నగానే వచ్చింది. నాలుగోసారికి గాటు వచ్చింది. అప్పటికి సాయంత్రమయింది, గోదాము గేటు మూసేశారు. మిగిలింది మర్నాడొక్కటే.

మర్నాడు తొమ్మిదికి మేనేజరు ఫోటో చూశాడు. ఫోను తీసి ఆవిడ మొహం పెద్దది చేసి పక్కన పెట్టి పోల్చాడు. దాన్ని లోపలికి పట్టుకెళ్ళాడు. వెంటనే పిలుస్తారనుకున్నాను. పదయింది, పదకొండయింది. పన్నెండింటికి వచ్చి, ఆవిడ ఉండే వ్యానులోకి తీసుకెళ్ళాడు.

ఆవిడ కుర్చీలో కూర్చుని ఫోటోని రెండు చేతులతో పట్టుకుని ఉంది. తెర మీద నిలువెత్తు మనిషి, దగ్గర్నుంచి చూస్తే చిన్నదే. తల ఇంకా గుండ్రమే. మావయ్యా అంటుందనుకున్నాను. అనలేదు.

"నాకిచ్చినదాంట్లో గాటు లేదు," అంది.

"తీసేశానమ్మా."

"కొత్త ఊళ్ళో అమ్మ దాన్ని గోడకి తగిలించింది. రోజూ చూసేదాన్ని. పెద్దమ్మకి ఆ పిల్ల కావాలి, నేను అక్కర్లేదు అనుకున్నా. ఓ రోజు అద్దం పగలగొట్టి చింపేశా."

ఉత్తరాల సంగతి అడిగాను. తన ఉత్తరాలు ఆఫీసువాళ్ళు చూస్తారంది. తను చూసి ఉన్నా వచ్చేదో లేదో తెలియదంది. మరి ఫోటో తెచ్చినవాళ్ళని కలుస్తానని ఎందుకన్నావని అడిగాను.

"ఎవరైనా గాటుతో ఉన్నది తెస్తారేమోనని."

తీసింది నేను, తీయమంది అక్క, అన్నాను. నిన్ను చూడలేక కాదు, తను చేసింది చూడలేక అన్నాను. కళ్ళ సంగతి చెప్పాను. చూపుడువేలూ బొటనవేలూ కలిపి గుండీ అంత సందు చేసి చూపించాను. ఆవిడ ఆ సందు వంక చూసింది.

"ఎన్నాళ్ళుంది?"

"నెలన్నారు. వారం అయిపోయింది."

ఆవిడ తలుపు తీసి మేనేజర్ని పిలిచి భోజనం బ్రేకు ఎంతసేపని అడిగింది. నలభై నిమిషాలన్నాడు.

"పద మావయ్యా."

కారు మా వీధిలోకి తిరిగేసరికి నాలుగు మోటారుసైకిళ్ళు వెనక ఉన్నాయి. ఆవిడ దిగి గుమ్మం ఎక్కేసరికి నలభై మంది ఉన్నారు. తలుపు వేసేసరికి వీధే కనిపించలేదు, తలలు కనిపించాయి. నా గొంతు ఇవాళైనా పనికొస్తుందనుకుని అరిచాను. నన్ను మించినవాళ్ళు అరిచారు. కిటికీ ఊచల్లోంచి చేతులు లోపలికి వచ్చాయి. మేనేజరు కిటికీ రెక్కలు లాగి గడియ పెట్టాడు. మా ఆవిడ ట్యూబులైటు వేసింది.

అక్క కుర్చీలోనే ఉంది. గుండుసూది ఆవిడ ముందు నేల మీద మోకాళ్ళు ఆనించి కూర్చుని, పెద్దమ్మా అంది. అక్క రెండు చేతులూ చాపింది. భుజాలు దొరికాయి, జుట్టు దొరికింది. మొహం దగ్గరకి లాక్కుని, కళ్ళు చిట్లించి, తల అటూ ఇటూ తిప్పింది.

"కనిపించడం లేదురా," అంది నాతో. "నల్లగా ఉంది."

ఆవిడ చూపుకి ట్యూబులైటు చాలదు. పగటి వెలుతురు కావాలి. అందుకే రోజంతా ఆ కిటికీ దగ్గర కూర్చుంటుంది. గదిలో ఉన్నది ఆ ఒక్క కిటికీ. పది నిమిషాలు అయిపోయాయి. మేనేజరు వద్దంటూనే ఉన్నాడు. నేను గడియ తీసి రెక్కలు తెరిచాను.

వెలుతురు రాలేదు. కిటికీ నిండా మనుషులే. కానీ ఊచల మధ్యనుంచి ఫోన్లు వచ్చాయి, ఒకదాని మీద ఒకటి, ఇరవయ్యో ముప్పయ్యో, ప్రతిదానికీ తెల్లటి లైటు. ఆ వెలుగంతా గుండుసూది మొహం మీద పడింది. నీడల్లేని, మొహాన్ని చదును చేసేసే వెలుగు. స్టూడియోలో అయితే నేను ఒప్పుకునేవాణ్ణి కాదు.

అక్క కదలడం మానేసింది. ఆవిడకి మొహం దొరికింది. నుదురు దగ్గర మొదలుపెట్టింది. కనుబొమ్మ. కన్ను. ముక్కు ఒక పక్క. ఒక్కో గుండీ అంత చూస్తూ, చూసినచోట వేలు ఆనిస్తూ కిందికి వచ్చింది. కుడి బుగ్గ దగ్గర ఆగింది.

"నువ్వు మెట్ల మీంచి పడలేదే. కటింగు బల్ల దగ్గర నేనే కోశా. అబద్ధం నీతో కూడా చెప్పించా."

కిటికీ అవతల ఎవరో వెనకవాళ్ళకి చెప్పారు, మేడం బుగ్గ కోసింది ఈ ముసలావిడేనట అని. ఆ మాట వెనక్కి, ఇంకా వెనక్కి వెళ్ళడం నాకు వినిపిస్తూనే ఉంది. మేడం నిజమేనా అని ఒక గొంతు అరిచింది. చంపాలనుకుందా అని ఇంకొకటి అంది. ముప్పై ఫోన్లూ ఇప్పుడు అక్క వైపు తిరుగుతున్నాయి. సాయంత్రానికల్లా ఈ కుర్చీ, ఈ చేతులు, ఈ మాట లోకమంతా చూస్తుంది. ఎవరెవరు ఏమేం రాస్తారో నేను ఊహించగలను.

"పెద్దమ్మా, రికార్డు చేస్తున్నారు. ఊరుకో," అంది గుండుసూది మెల్లగా.

మేనేజరు మూసెయ్యండి అంకుల్, మూసెయ్యండి అంటున్నాడు. నేను రెక్క మీద చెయ్యి వేశాను. బందు కిర్రుమంది.

"ముయ్యకురా," అంది అక్క, తల తిప్పకుండా. "ఇంకో బుగ్గ చూడలేదు."

బయట అరుస్తూనే ఉన్నారు. నేను రెక్కని అలాగే పట్టుకుని నిలబడ్డాను. గుండుసూది మెల్లగా మొహం తిప్పింది.